పిరమిడ్డు కింద పెద్దవల

మెడలో ఈల వేసుకుని బళ్ళలో కొత్తగా చేరిన కుర్ర డ్రిల్లు మాస్టార్లు అప్పుడప్పుడు వచ్చి మా అరుగు మీద కూర్చుంటారు. "మీరు గెలిచిన పోటీల గురించి చెప్పండి మాస్టారూ" అంటారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో మా పిల్లలు తెచ్చిన కప్పులు రెండు. అందులో ఒకదానికి అడుగున చిల్లు. గెలుపుల పురాణం విప్పితే వాళ్ళ చేతిలో మజ్జిగ గ్లాసు ఖాళీ కాకముందే అయిపోతుంది. దానికన్నా నేను చేసిన వెధవపని ఒకటి చెబితే ఎక్కువ ఉపయోగం. నాయనలారా, వినండి. నవ్వొస్తే నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నవ్వడం అయ్యాక మాత్రం కాస్త ఆలోచించండి.

అప్పటికి మాది ఇంకా గంజాం జిల్లా. నాకు ఇరవై రెండేళ్ళు. బరంపురంలో కొన్నాళ్ళు కసరత్తు నేర్చుకుని, ఉద్దానంలో సముద్రానికి కోసు దూరంలో ఉన్న ఒక ఊరి బడిలో డ్రిల్లు మాస్టరుగా చేరాను. ఊరి చుట్టూ కొబ్బరితోటలు, జీడిమామిడి తోటలు. కింద ఎటు చూసినా ఇసుక. ఆ ఇసుకలో లెఫ్ట్ రైట్ చేయిస్తే లెఫ్టు కాలు పైకి లేచేసరికి రైటు కాలు చీలమండ దాకా కూరుకుపోయేది. పిల్లలు కవాతు చేస్తున్నట్టు ఉండేది కాదు, వరి ఊడ్పుల్లో దిగినట్టు ఉండేది.

నన్ను ఏడాదికి మాత్రమే వేశారు. ఏడాది చివర ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వచ్చి, డ్రిల్లు బాగుందని రాస్తే ఉద్యోగం ఖాయం. రాయకపోతే టెక్కలి వెళ్ళి మా మేనమామ కొట్లో ఉప్పు తూచుకోవాలి. ఆయన అప్పటికే నాకోసం ఒక పీట వేయించి ఉంచాడని కబురు. నాకు ఉప్పంటే కోపం లేదు గానీ ఆ పీట తలచుకుంటే మాత్రం నిద్ర పట్టేది కాదు.

మా హెడ్మాస్టరుగారు మంచి మనిషి. ఆయనకున్న జబ్బల్లా ఒకటే, పక్క ఊరి బడి. వాళ్ళు గోడకి సున్నం వేయిస్తే ఈయనకి జ్వరం వచ్చేది. అంతకు ముందు ఏడాది వాళ్ళ పిల్లలు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి మూడంతస్తుల పిరమిడ్డు కట్టారట. ఇన్‌స్పెక్టరుగారు చూసి "భేష్" అన్నారట. ఆ ఒక్క మాట ఈయన గుండెలో ముల్లులా దిగబడి ఉంది.

"ఏమయ్యా, మన పిల్లలు నాలుగంతస్తులు కట్టలేరా?" అన్నారు నేను చేరిన మొదటి వారంలోనే.

నేను అప్పటిదాకా రెండంతస్తులకు మించి కట్టించిన పాపాన పోలేదు. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరినట్టు, "ఎందుకు కట్టలేరండీ" అన్నాను.

ఏర్పాటు ఇదీ. బడి గోడకి వీపు ఆనించి అడుగున ఐదుగురు నిలబడాలి. వాళ్ళ భుజాల మీద ముగ్గురు. ఆ ముగ్గురి మీద ఇద్దరు. ఆ ఇద్దరి భుజాల మీద చెరో కాలు పెట్టి ఒక్కడు. ఆ ఒక్కడు చెయ్యెత్తి సలాం చేసి, 'సుస్వాగతం' అని రాసిన గుడ్డ విప్పాలి. వెనక గోడ ఉంది కాబట్టి ఎవరూ వెనక్కి పడరు. ముందుకి పడితే? ఆ ఆలోచన నాకు రాలేదు. నిజం చెప్పాలంటే వచ్చింది, నేనే రానివ్వలేదు.

పైకెక్కే ఒక్కడి కోసం బడిలో అందరికంటే తేలికైనవాణ్ణి ఏరాను. ఎనిమిదేళ్ళవాడు. ఊరంతా వాణ్ణి బుడ్డోడనే పిలిచేది. కొబ్బరితోట, ఇంత వరిపొలం ఉన్న ఇంటి పిల్లాడు. పెద్ద కళ్ళు, ఆ కళ్ళకింద సన్నటి మెడ, ఆ మెడ కింద చెప్పుకోదగ్గ మనిషి ఏమీ లేడు. గాలి గట్టిగా వీస్తే పలక అడ్డం పెట్టుకుని నిలబడేవాడు. ఒకసారి చూపిస్తే ఏదైనా పట్టేసేవాడు. చెప్పిన మాట ఎదురాడకుండా వినేవాడు. అలాంటి పిల్లాడు దొరకడం మాస్టారికి అదృష్టం అనుకునేవాణ్ణి. అలా విన్నవాణ్ణే ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలని తెలియడానికి నాకు ఆ ఏడాది పట్టింది.

మొదటి రోజు పైకెక్కించి కిందనుంచి అరిచాను. "భయమేస్తోందా?"

"నేదండీ."

"గట్టిగా చెప్పు!"

"నేదండీ!"

చూశారా, ఎంత ధైర్యవంతుణ్ణి తయారు చేశానో అని నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అలా అడిగేటప్పుడు నా చంకలో బెత్తం ఉండేది. అప్పట్లో డ్రిల్లు మాస్టరంటే ఒక చంకలో బెత్తం ఉండాల్సిందే, లేకపోతే చొక్కా వేసుకోనట్టు ఉండేది. నాకు దాని సంగతే గుర్తుండేది కాదు. వాడికి గుర్తుండేది.

వాడి మోకాళ్ళు లొడలొడ ఆడేవి. హెడ్మాస్టరుగారు చూసి, "ఏమిటయ్యా ఆ వణుకు?" అన్నారు.

"సముద్రపుగాలండీ" అన్నాను.

"అవునవును, ఎత్తుకి వెళ్ళే కొద్దీ గాలి ఎక్కువ" అని ఆయన తన భూగోళం జోడించారు. కింద నిలబడ్డ ఐదుగురి లాగులు మాత్రం రవ్వంత కూడా కదలడం లేదని మా ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

రెండు వారాలకి ఒక చిక్కు వచ్చింది. పిరమిడ్డు నిలబడ్డాక మెల్లగా కుడివైపుకి కుంగేది. అడుగున ఉన్న ఐదుగురూ మోతుబరుల పిల్లలు, పాలూ పెరుగూ తిని బలిసినవాళ్ళు. వాళ్ళలో చివరివాడి తొడ ఒక్కటీ బుడ్డోడంత ఉంటుంది. వాడి కాళ్ళే ఇసుకలో దిగబడుతున్నాయి. అయినా హెడ్మాస్టరుగారు నడుం మీద చేతులు పెట్టుకుని పైకి కిందికి చూసి తేల్చిందేమిటంటే, "పైన బరువెక్కువైందయ్యా!"

"ఎవరిదండీ?"

"పైవాడిదే! వాడికి పొద్దున చద్ది మాన్పించు."

నేను బుడ్డోణ్ణి పక్కకి పిలిచి, తనిఖీ అయ్యేదాకా పొద్దున చద్దన్నం తినొద్దన్నాను. ఇంట్లో చెప్పొద్దని కూడా అన్నాను. ఈ ముక్క చెబుతుంటే ఇన్నేళ్ళ తరవాత కూడా నాకు సిగ్గుగా ఉంది. చద్ది మానమనడం తప్పు. ఇంట్లో చెప్పొద్దనడం అంతకన్నా పెద్ద తప్పు. పిల్లాడితో "ఇది మీ అమ్మకి చెప్పకు" అని మాస్టరు అన్నాడంటే, ఆ మాస్టరు చేసేది మంచిపని కాదని ఆ మాస్టరుకే తెలుసన్నమాట. కుర్రమాస్టార్లూ, తక్కినవన్నీ మర్చిపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

బుడ్డోడు ఎదురాడలేదు. తల్లి పెట్టిన చద్దన్నం రోజూ దొడ్లోకి పట్టుకెళ్ళి కుక్కకి పెట్టేసేవాడు. ఆ ఇంట్లో దాచడానికి వీల్లేనిది ఒకటే ఉంది, ఆ కుక్క. పది రోజుల్లో దాని పక్కటెముకలు మాయమయ్యాయి. పదిహేను రోజుల్లో అది నడవడం మానేసి దొర్లడం మొదలుపెట్టింది. కుక్క బలుస్తోంది, కొడుకు చిక్కుతున్నాడు. తల్లి లెక్కల మాస్టరు కాకపోయినా ఆ లెక్క తేల్చేసింది.

మర్నాడు డ్రిల్లు మధ్యలో ఆవిడ మైదానంలోకి వచ్చేసింది. అప్పట్లో ఆడవాళ్ళు బడి గుమ్మం తొక్కేవారు కాదు. ఆవిడ గుమ్మం దగ్గర ఆగనే లేదు. కొంగు నడుముకి చుట్టి, నెత్తిమీద కొబ్బరికాయల గంపతో నా ఎదురుగా వచ్చి నిలబడింది. గంప దించలేదు. గంప దించకుండా మాట్లాడే మనిషితో జాగ్రత్తగా ఉండాలని మా అమ్మ చెప్పేది.

"మేస్టరు బావూ, నా గుంటడికి కూడు మానీమని సెప్పినావంట?"

"అది... కసరత్తులో భాగమమ్మా."

"ఏటి కసరత్తు? మా కుక్క సేత్తన్నాది, సూసినావేటి? రేపట్నుంచి దాన్నెక్కించు."

వెనకాల పిల్లలు కిసుక్కుమన్నారు. నేను ఈల వేశాను. ఆవిడ ఈలకి ఆగే మనిషి కాదు.

"అంతెత్తునుంచి ఆడు పడితే ఏటైపోతాడు? మెడిరిగిపోదా?"

"పడడమ్మా. వాడికి భయం లేదు. రోజూ అడుగుతున్నాను."

ఆవిడ నా మొహంకేసి చూసింది. తరవాత నా చంకకేసి చూసింది. "రాతిరి నిద్దట్లో దుప్పటట్టుకుని 'పడిపోతన్నాను, పడిపోతన్నాను' అంతన్నాడు బావూ. నీకు నేదంతన్నాడా? నాకూ నేదనే అంతన్నాడు" అంది. అప్పుడు మాత్రం ఆవిడ గొంతులో కోపం లేదు.

నేను హెడ్మాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. "మూడంతస్తులు చాలండీ" అన్నాను. ఆయన బల్ల సొరుగులోంచి కాగితం నకలు తీశారు. నాలుగంతస్తుల పిరమిడ్డు ప్రదర్శించబడును అని ఇన్‌స్పెక్టరుగారికి రాసి పంపేశారట. "రాసిన అంతస్తు దించుతామా? నీ ఉద్యోగం సంగతి కూడా చూసుకోవాలి కదయ్యా" అన్నారు.

అక్కడ నేను వద్దు అనాల్సింది. ఒక పిల్లాడి మెడ ఒకవైపు, నా ఉప్పుకొట్టు పీట ఒకవైపు. నేను "అలాగేనండి" అన్నాను. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. ఆ పిల్లిని నేనే.

తల్లికి ఆ మాట చెప్పలేక చెప్పాను. బడి మాన్పించేస్తుందేమో అనుకున్నాను. కానీ ఇంటాయనకి కొడుకు పైకెక్కి ఇన్‌స్పెక్టరుకి సలాం చేయడమంటే మహా సంబరమట, తోటలో పనిచేసే వాళ్ళందరికీ అప్పుడే చెప్పేసుకున్నాడట. ఆవిడ కొంగు బిగించింది.

"అయితే నానో వల తెత్తాను" అంది.

సముద్రం ఒడ్డున ఉన్న పల్లెలో చేపలు పట్టేవాళ్ళతో ఆవిడకి ఏళ్ళనాటి ఇచ్చిపుచ్చుకోవడాలు. ఈవిడ బియ్యం, కొబ్బరికాయలు ఇస్తే వాళ్ళు ఎండుచేపలు ఇస్తారు. వాళ్ళ పెద్ద, వయసులో ముసలివాడైనా, ఈవిడని అప్పా, అంటే అక్కా, అని పిలుస్తాడు. మర్నాడు ఆ ముసలాయన బడికి వచ్చాడు. అడ్డపొగ, అంటే చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని, గోడని కింద నుంచి పైదాకా పరకాయించి చూశాడు.

"గుంటడు ఆడనుంచి పడతాడు. మా వోళ్ళు ఈడ వలట్టుకుని నిలబడతారు. అంతేకదేటి మేస్టరు బాబూ?"

"అంతే తాతా. చిన్న ముక్క చాలు, ఒక పది మూరలు కోసి తెండి."

చుట్ట నోట్లోంచి ఊడి పడబోయింది. "వల కోత్తావా! ఆ మాట అనకు బాబూ. అమ్మోరు ఇన్నాదంటే మాకు సంవచ్చరమంతా సేప తగల్దు. తెత్తే పెద్దవల మొత్తంగా తెత్తాం."

పెద్దవల అంటే మీలో చూడనివాళ్ళకి చెబుతాను. దాన్ని పడవలో తీసుకెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంలా వేసి వస్తారు. దాని రెండు కొసలూ ఒడ్డున ఉంటాయి. ఒక్కో కొస దగ్గర పదిమంది నిలబడతారు. నడుమ బరువు పడిందని పెద్ద కేక వేయగానే రెండు జట్లూ ఒకేసారి లాగుతూ, దగ్గరకి జరుగుతూ, చివరికి రెండు కొసలూ కలిపేస్తాయి. నడుమ ఉన్నదంతా సంచిలో పడ్డట్టు ఒడ్డుకి వచ్చేస్తుంది. తాతల నాటి నుంచి వాళ్ళకి వచ్చిన పని అదే, దానికి వాళ్ళకి డ్రిల్లు మాస్టరు అక్కర్లేదు.

హెడ్మాస్టరుగారు మొదట ఒప్పుకోలేదు. "ఇన్‌స్పెక్టరుగారి ముందు చేపల కంపా!" అని ముక్కు మూసుకున్నారు. తల్లి మళ్ళీ గంప దించకుండా వచ్చి నిలబడేసరికి ఒప్పుకున్నారు. కంపుకి విరుగుడుగా మైదానమంతా సాంబ్రాణి వేయించారు.

తనిఖీ రోజు వచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు పలాసలో రైలు దిగి, ఎడ్లబండిలో ఇసుకదారిన కుదుపులు తింటూ వచ్చారు. సన్నటి మనిషి, తలపాగా, కళ్ళజోడు. బండి దిగగానే గాలి పీల్చి, "ఏదైనా పండగా?" అన్నారు. సాంబ్రాణీ ఎండుచేపా కలిస్తే వచ్చే వాసన ఏ పండగదో నేను ఇప్పటికీ చెప్పలేను.

వల ఎలా పట్టుకున్నారంటే, నడుమ భాగాన్ని ఎనిమిది మంది పిరమిడ్డు ముందు నడుమెత్తున పట్టుకుని నిలబడ్డారు. మిగిలిన వల బోలెడంత ఉంది. దాన్ని రెండు పక్కలా పరిచి, కొసలు పెద్దల కుర్చీల వెనక దాకా తీసుకెళ్ళారు. ఆ కొసల దగ్గర మిగతా జనం చెరోపక్కా చుట్టలు కాల్చుకుంటూ కూర్చున్నారు. అంటే ఇన్‌స్పెక్టరుగారూ, హెడ్మాస్టరుగారూ, పూలదండల పళ్ళెం, హార్మోనియం, అన్నీ వల లోపలే ఉన్నాయి. ఆ సంగతి చూసి కూడా నాకు ఏమీ తోచలేదు. వాళ్ళు పొద్దున్నే సముద్రం మీదికి వెళ్ళే మనుషులు, ముందు ఒకసారి సాధనకి రమ్మంటే కుదరలేదు. ఏం చేయాలో వాళ్ళకి చెప్పాం. ఏం చేయకూడదో చెప్పలేదు.

ఈల వేశాను. ఐదుగురు నిలబడ్డారు. ముగ్గురు ఎక్కారు. ఇద్దరు ఎక్కారు. బుడ్డోడు పాకుతూ పైకి వెళ్ళి, గోడ అంచు వదిలి నిటారుగా నిలబడ్డాడు. సలాం చేశాడు. గుడ్డ విప్పాడు. కంగారులో తలకిందులుగా విప్పాడు గానీ ఇన్‌స్పెక్టరుగారు తల పక్కకి వాల్చి చదివి, "భేష్" అన్నారు. హెడ్మాస్టరుగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను ఉప్పుకొట్టులో పీట మీద ఇంకెవరో కూర్చున్నట్టు ఊహించుకున్నాను.

అంతలో బుడ్డోడు వంగి కిందకి చూశాడు. వలని చూశాడు. నా వైపు చూశాడు. గుడ్డ వదిలేశాడు. మరుక్షణం రెండు చేతులూ చాచి గాల్లో ఉన్నాడు.

మైదానమంతా ఒక్కసారి "ఓయమ్మో" అంది. వాడు వచ్చి వల నడుమ మెత్తగా పడ్డాడు. ఒకసారి ఎగిరి, మళ్ళీ పడ్డాడు.

ఇంకేముంది, వలలో బరువు పడింది. కుర్చీల వెనక ముసలాయన ఉలిక్కిపడి లేచాడు. అరవై ఏళ్ళ అలవాటు ఆయన గొంతులోంచి తన్నుకొచ్చింది.

"పడ్డాదిరో! లాగండెహే!"

చుట్టలు అవతల పడ్డాయి. రెండు జట్లూ కొసలందుకుని ఒక్క ఊపున లాగాయి. వల రెండు పక్కలా నేల మీద నుంచి లేచింది. ఇన్‌స్పెక్టరుగారి కుర్చీ ఇసుకలో జారడం మొదలుపెట్టింది. "ఏమిటిది, ఏమిటిది?" అంటూ ఆయన కుర్చీ చేతులు పట్టుకున్నారు. హెడ్మాస్టరుగారు లేచి ఆపబోయి, వలలో కాలు పడి, పూలదండల పళ్ళెం మీద బోర్లాపడ్డారు. హార్మోనియం తనంతట తానే ఒక స్వరం పలికింది. నేను "హాల్ట్! హాల్ట్!" అని అరిచాను. ఆ మాటకి ఆగవలసినవాళ్ళు ఆగారు. అంటే పిల్లలు. లాగుతున్నవాళ్ళు "హైలెస్సా" అంటూ ఇంకా గట్టిగా లాగారు. రెండు కొసలూ కలిశాయి. బుడ్డోడు, ఇన్‌స్పెక్టరుగారు, హెడ్మాస్టరుగారు, రెండు కుర్చీలు, హార్మోనియం, సాంబ్రాణి కుంపటి కోసం తెచ్చిన విసనకర్ర, ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు గానీ ఆ లావుపాటి కుక్క, అందరూ ఒకే మూటలో బడి మెట్ల దాకా వచ్చి ఆగారు.

హెడ్మాస్టరుగారు వల కన్నంలోంచి తల బయటపెట్టి ముసలాయన మీద విరుచుకుపడ్డారు. "నీకు బుద్ధుందా? చూసుకోవా?"

"వలలో పడినాక సూసుకుని లాగుతామేటి బాబూ? ముందు లాగి ఒడ్డునెడతాం. అప్పుడు సూత్తాం. పనికిమాలినవుంటే వదిలెత్తాం" అన్నాడు ముసలాయన, ఎంతో మర్యాదగా, ఆయనకేసే చూస్తూ.

బుడ్డోడి తల్లి పరిగెత్తుకొచ్చి వల లోపలికి చేతులు పెట్టి కొడుకు మెడ, చేతులు, కాళ్ళు తడుముతోంది. వాడికి చిన్న గీత కూడా పడలేదు. ఇన్‌స్పెక్టరుగారు తలపాగా లేకుండా, ఒక చెవికి చేప పొలుసు అంటుకుని, వాడి పక్కనే కూర్చుని ఉన్నారు. ఎవరైనా అయితే కేకలేసేవారు. ఆయన కళ్ళజోడు వెతికి పెట్టుకుని, పక్కింటి పిల్లాణ్ణి పలకరించినట్టు అడిగారు.

"ఎలా పడ్డావురా అబ్బాయ్? కాలు జారిందా?"

వాడు నాకేసి చూశాడు. వల బయట ఉన్నాను నేను. మా నడుమ అన్ని వల ముడులు ఉన్నాయి కాబట్టి ధైర్యం వచ్చిందో ఏమో.

"జారనేదండి. నానే గెంతినానండి."

"గెంతావా! ఎందుకూ?"

"దిగాలండి. ఎక్కిన కాడ్నుంచీ భయమండి."

"మరి దిగుతానని చెప్పకపోయావా?"

వాడు ఆ ప్రశ్నకి ఆశ్చర్యపోయాడు. ఇంత పెద్దాయనకి ఈ మాత్రం తెలియదేమిటా అన్నట్టు చూసి, తెలిసిన పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "దిగితే కొడతారండి. పడితే కొట్టరు కదండి."

మూడు నెలలు నేను వాణ్ణి రోజూ అడిగాను, వాడు రోజూ నాకు జవాబు చెప్పాడు. వాడు దిగడానికి నేను వదిలిపెట్టిన దారి ఒక్కటే, పడిపోవడం. వాళ్ళమ్మ ఆ వల తేకపోయి ఉంటే కూడా ఏదో ఒక రోజు వాడు ఆ దారినే దిగి ఉండేవాడు. ఆ ఆలోచనకి నేను అక్కడే మెట్టు మీద కూలబడ్డాను.

సాయంత్రం ఇన్‌స్పెక్టరుగారు స్నానం చేసి, మళ్ళీ స్నానం చేసి, తనిఖీ పుస్తకం తీశారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. చద్దన్నం సంగతి కూడా నేనే చెప్పేశాను. ఆయన కలం పక్కన పెట్టారు. "బెత్తం లేకుండా పిల్లలకి డ్రిల్లు చెప్పగలవా?" అన్నారు.

"తెలియదండి. ఎప్పుడూ ప్రయత్నించలేదండి."

"ప్రయత్నించు" అని, నా ఉద్యోగం ఖాయం చేయకుండా, తీసేయకుండా, ఇంకో ఏడాది చూడవలెను అని రాశారు. పిరమిడ్డు మాన్పించమనీ రాశారు. హెడ్మాస్టరుగారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. తరవాత పక్క ఊరివాళ్ళ పిరమిడ్డు కూడా మాన్పించారని తెలిసి ఆయన మనసు కుదుటపడింది.

మర్నాడే నేను మైదానంలో గొప్పగా ఒక ప్రకటన చేశాను. ఇకమీదట బెత్తం లేదు. పొద్దున తినిరాని వాడికి డ్రిల్లు లేదు. అమ్మానాన్నలు ఎవరైనా ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు. ఎవడికి ఏ కసరత్తులో భయమేసినా "దింపండి" అంటే చాలు, ఎందుకని అడగను.

వారం గడిచింది. ఒక్కడూ ఆ మాట అనలేదు. పొడుగుదూకుడు దగ్గర ఒకడు బిక్కమొహంతో నిలబడ్డాడు, దూకాడు, ఏడ్చాడు, అంతేగానీ నోరు విప్పలేదు. నిన్నటిదాకా కొట్టిన మాస్టరు ఇవాళ కొట్టనంటే ఎవరు నమ్ముతారు? నేనైనా నమ్మను. బుడ్డోడి తల్లి మాత్రం నమ్మినట్టు నటించకుండా రోజూ వచ్చి మైదానం చివర కూర్చునేది. మూడోరోజుకి ఆవిడతో పాటు ఇంకో నలుగురు తల్లులు వచ్చారు. వాళ్ళు అక్కడ చింతపండు గింజలు తీసుకుంటూ నాకేసి ఒక కన్ను వేసి ఉంచేవారు. మొదట్లో నాకు ఒళ్ళు మండింది. తరవాత తెలిసింది, వాళ్ళున్న రోజున నేనూ మంచి మాస్టరుగానే ఉంటున్నానని.

చెబితే నమ్మరు, చేసి చూపిద్దామనుకున్నాను. ఆ అయిదుగురు మోతుబరి పిల్లల్నీ గోడ దగ్గర నిలబెట్టాను. ఒక్క అంతస్తే. నేను పైకెక్కి నిలబడి, "దింపండి" అని గట్టిగా అంటాను, వాళ్ళు దింపుతారు, చూసి అందరూ నేర్చుకుంటారు. నా పథకం అదీ. అప్పట్లో నేను నులకతాడంత ఉండేవాణ్ణి, నా బరువు వాళ్ళకొక లెక్క కాదు.

ఎక్కాను. గోడ వదిలాను. నిటారుగా నిలబడి కిందకి చూశాను.

నాయనలారా, కింద నుంచి చూస్తే అది ఐదడుగులు. పై నుంచి చూస్తే అది ఐదడుగులు కాదు. కాళ్ళ కింద భుజాలు ఊపిరి తీస్తున్నాయి. ఎదురుగా నలభై మంది పిల్లలు తలెత్తి చూస్తున్నారు. అటువైపు తల్లులు చింతపండు తీయడం ఆపి చూస్తున్నారు. నా మోకాళ్ళు లొడలొడ మొదలుపెట్టాయి. గాలి లేదు. అనాల్సిన మాట నోటి దాకా వచ్చింది. మూడు రోజుల నుంచి వల్లెవేసుకున్న మాటే. అంతమంది ముందు నోరు పెగల్లేదు. పైగా నా మొహం మీద ఒక నవ్వు కూడా పెట్టుకున్నాను, ఏమీ లేనట్టు.

పిల్లలు ఎదురు చూశారు. నేను నవ్వుతూనే ఉన్నాను. అప్పుడు ముందు వరసలోంచి బుడ్డోడు లేచి వచ్చాడు. నా మోకాళ్ళకేసి చూశాడు, మొహంకేసి చూశాడు, మళ్ళీ మోకాళ్ళకేసి చూశాడు. వెళ్ళి అడుగునున్న పెద్దవాడి చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పాడు.

"దింపెయ్యండ్రా. మేస్టరికి భయమేత్తన్నాది. ఆయన సెప్పనేరు."